సాయంత్రం బకెట్లో నీళ్ళు

జగిత్యాల దగ్గర మా ఊళ్ళో పన్నెండేళ్ళు నేను ట్రాక్టర్లతోనే బతికాను. ఎవరి బండి మొరాయించినా ముందు నన్ను నాలుగు తిట్టి, తరవాత నన్నే పిలిచేవారు. నాకు నోరెక్కువ కాబట్టి తిట్టేవారు, చేతిలో పనుంది కాబట్టి పిలిచేవారు. ఒమాన్ వచ్చాక ఆ పని ఎవరికీ అక్కర్లేకపోయింది. రుస్తాఖ్‌లో ఐదేళ్ళు ఒక కంపెనీలో డ్యూటీ చేశాను. పొద్దున రూమ్ నుంచి సైట్, సాయంత్రం సైట్ నుంచి రూమ్. కంపెనీ మూతపడ్డాక ఒక పెద్దాయన నా కాగితాలు తన పేరు మీదికి మార్పించుకుని, తన తోట చూసుకొమ్మని జబల్ అఖ్దర్ కొండ మీదికి తీసుకెళ్ళాడు. కింద నిజ్వాలో ఫ్యాన్ కింద చెమటలు కారుతుంటే పైన దుప్పటి కప్పుకునే చోటు అది. కొండవాలును మెట్లు మెట్లుగా కోసి, రాళ్ళ కట్టలు పేర్చి, ఆ మడుల్లో దానిమ్మ, గులాబీ, వెల్లుల్లి పండిస్తారు.

ఆ పెద్దాయనను నేను అర్బాబ్ అనేవాణ్ణి. ఇక్కడ యజమానిని అలాగే అంటాం. ఆయన భార్యను మామా అనాలి, అదీ ఇక్కడి అలవాటే. ఈ సంగతి మొదటిసారి ఫోన్లో చెప్పినప్పుడు మా ఆవిడ పడీ పడీ నవ్వింది. "మీసాలున్నయా ఆమెకు?" అని అడిగింది.

నేను వచ్చిన రెండో ఏడు వేసవి చివర్లో అర్బాబ్ పోయాడు. చాలా నెలలుగా మంచాన ఉన్నాడు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేను మాత్రం మూడు రోజులు సరిగా తినలేదు. నా మీద ఒక్కసారి కూడా గొంతు లేపని యజమాని ఈ దేశంలో ఆయనొక్కడే.

ఆయన పోయిన రోజు నుంచి మామా ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటదు. నగ పెట్టదు, అత్తరు పూయదు, పరాయి మగవాడి కంటపడదు. నేను పరాయివాణ్ణే కదా. నిన్నటిదాకా వాకిట్లో కూర్చుని దానిమ్మకాయలు వలుస్తూ నాకు పనులు పురమాయించిన మనిషి ఒక్కరోజులో కనపడకుండా పోయింది. నా అన్నం గిన్నె పొద్దునా సాయంత్రం వంటింటి కిటికీ అరుగు మీద ఉండేది. కిటికీకి చెక్క రెక్కలు, వాటి మధ్య వేలు పట్టేంత సందు. ఆ సందులోంచి చీకటి తప్ప ఏమీ కనిపించేది కాదు.

ఆ కిటికీ పక్కనే పశువుల పాక ఉండేది. అందులో పశువులు లేవు, ఒక పాత ట్రాక్టరు ఉంది. జపాన్ వాళ్ళు చేసిన రెండు సిలిండర్ల డీజిలు బండి, నా నడుము ఎత్తు కూడా ఉండదు. మా ఊరి ట్రాక్టర్ల పక్కన పెడితే దూడలా ఉంటుంది. ఇరుకు మడుల్లో తిరగడానికి అంతకన్నా పెద్దది పనికిరాదు. కొండకు రోడ్డు పడని రోజుల్లో దాన్ని విడదీసి, చక్రాలూ ఇనుపముక్కలూ గాడిదల మీద వేసి, ఇంజనును మాత్రం ఎనిమిది మంది బొంగులకు కట్టి మోసుకొచ్చారట. అర్బాబ్ మోకాళ్ళు పాడైనప్పటి నుంచి అది పాకలోనే పడి ఉంది.

ఇద్దత్ మొదలైన పదిహేను రోజులకు పలుగు కోసం పాకలోకి వెళ్ళి, ఆ బండి బానెట్ ఊరికే ఎత్తి దించాను.

"ఎవరది? దాన్ని ఎవరు తాకారు?" అని కిటికీలోంచి కేక.

బానెట్ మూసిన చప్పుడుకే గుర్తుపట్టింది! నేనే అని చెప్పాను. తరవాత, "నడుస్తుందా?" అని అడిగింది.

"నడవదు మామా. తుప్పు."

"నువ్వు మీ దేశంలో ఇవే బాగుచేసేవాడివని ఆయన చెప్పాడు."

ఆయనకు ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. కానీ ఆ మాట నాకు ఎక్కడో తగిలింది.

ఆ శుక్రవారం పెద్దకొడుకు వచ్చాడు. కింద రాజధానిలో ఉంటాడు, అల్ ఖువైర్‌లో ఆఫీసు, అజైబాలో ఇల్లు. మంచివాడే, తల్లి మీద ప్రాణం పెట్టేవాడే. నన్ను పక్కకు పిలిచి విషయం చెప్పాడు. ఆ ఊళ్ళో నేల కన్నా నీటి వంతు పెద్దది. కొండ ఊట నీరు ఫలజ్ అనే రాతి కాలువలో వస్తుంది, ఒక్కో ఇంటికి ఇన్ని రోజులకు ఒకసారి ఇంతసేపని వంతు ఉంటుంది. మా కింది మడులు మూడూ రెండేళ్ళుగా బీడు. ఆ వంతు నీళ్ళు ఊరికే పోతున్నాయని పక్కింటివాళ్ళు అడుగుతున్నారు.

"చూడు సదీఖ్," అన్నాడు. ఇక్కడ మాలాంటి పనివాళ్ళను పేరుతో కాదు, నేస్తమని అలా పిలుస్తారు. "అమ్మ ఇద్దత్ అయిపోయిన మర్నాడే మా వంతు వస్తుంది. ఆ రోజుకు మడులు దున్ని ఉంటే వెల్లుల్లి పెట్టుకోనీ, ఇక్కడే ఉండనీ. లేకపోతే నీళ్ళు వాళ్ళకిచ్చేసి అమ్మను నాతో తీసుకెళతాను. ఒక్కతే ఈ చలిలో ఏం చేస్తుంది?"

రెండేళ్ళు బీడుపడ్డ మడులు రాయిలా ఉన్నాయి. దానిమ్మ కోతలు, కొమ్మలు కత్తిరించే పని చూసుకుంటూ పలుగుతో ఒక్కణ్ణే తవ్వితే ఇద్దత్ అయ్యేలోపు తెమలదు. ఊళ్ళో చేతి యంత్రాలున్నవాళ్ళు తమ మడుల్లోంచి తలెత్తడం లేదు. ఇక మిగిలింది పాకలో దూడ.

కిటికీ వెనక ఆమె అంతా వింది. కొడుకు కారు మలుపు తిరిగాక ఒకే మాట అడిగింది. "నడుస్తుందా?"

"నడిపిస్తా," అన్నాను. నా నోరు ఎప్పుడూ ఇంతే, చేతులను అడగకుండా మాటిచ్చేస్తుంది.

అలా మొదలైంది మా ఇద్దరి కొలువు. నేను పాకలో, ఆమె గోడకు అవతల. ఆమెకు అరబ్బీ, రెండు మూడు పదుల హిందీ మాటలు. నాకు హిందీ, రెండు మూడు పదుల అరబ్బీ మాటలు. మామూలుగా అయితే మిగతాది చేతులతో చెప్పుకుంటాం. గోడ అడ్డం ఉన్నాక చేతులేం చేస్తాయి? అందుకని ఒకే మాట నాలుగు రకాలుగా తిప్పి చెప్పుకునేవాళ్ళం.

ట్యాంకులో డీజిలు జిగురుగా గడ్డకట్టింది. కడిగాను. క్లచ్ ప్లేటు అంటుకుపోయింది. విప్పి గీకాను. ఎలుకలు వైర్లు కొరికేశాయి, ఒక గుడ్లగూబ సీటును తన ఇల్లు చేసుకుంది. ఇంజను బిగుసుకుపోతే పిస్టన్ల మీద నూనె పోసి, తొమ్మిది రోజులు రోజుకు కాస్త కాస్త తిప్పాను. పదో రోజు కదిలింది. ఆ రోజు మా ఆవిడకు ఫోన్ చేసి కొడుకు పుట్టినంత సంబరంగా చెప్పాను. "మంచిగున్నది. ఈడ మన మోటారు కాలిపోయి వారమైంది, దాన్నెవరు జూస్తరు?" అంది.

మొదటిసారి ఇంజను అంటుకున్నప్పుడు పాక నిండా నల్లటి పొగ. నేను దగ్గుతూ బయటికొచ్చి గెంతులేస్తున్నాను. కిటికీలోంచి మాట వచ్చింది. "ఇది దాని గొంతు కాదు."

నాకు ఒళ్ళు మండింది. "మామా, పాత బండి. గొంతు మారదా?"

"ఆయన చేతిలో ఇది ఇలా కుంటేది కాదు. ఒక అడుగు సరిగా వేస్తోంది, రెండోది ఈడుస్తోంది."

ఏం తెలుసని చెప్తోందిలే అనుకుని పడుకున్నాను. నిద్ర పడితేనా! తెల్లారి డీజిలు చిమ్మే నాజిళ్ళు విప్పి చూస్తే ఒకటి సగం మూసుకుపోయి ఉంది. శుభ్రం చేసి బిగించి స్టార్ట్ చేశాను. ఈసారి కిటికీలోంచి మాట రాలేదు. కాసేపటికి అరుగు మీద రొట్టె, తేనె, కహ్వా కాఫీ ఫ్లాస్కు ఉన్నాయి. చివరి తుంపు దాకా తిన్నాను.

అప్పటి నుంచి ఆమె ఏం చెప్పినా వినేవాణ్ణి. అంటే, దాదాపు ఏం చెప్పినా. ముప్పై ఏళ్ళు ఆ బండి మడుల్లో తిరుగుతుంటే ఆమె వంటింట్లో పని చేసుకుంటూ విన్నది. ఎక్కడ మలుపు తిరుగుతోందో, ఎక్కడ రాయి తగిలిందో, ఆయన ఎప్పుడు విసుక్కున్నాడో అన్నీ చప్పుడుతోనే తెలిసేవట. నాకు మా ఆవిడ గుర్తొచ్చింది. ఏడేళ్ళలో మేం కలిసి ఉన్నది అంతా కలిపితే ఆరు నెలలు కాదు. అయినా ఫోనెత్తి నేను "ఆ" అనగానే, "జెరమొచ్చిందా?" అంటుంది. ఆ సంగతి తలుచుకుని ఆ రోజు బండి కిందే పడుకుని కాసేపు ఏడ్చాను. గ్రీజు చేతులతో కళ్ళు తుడుచుకుంటే ఏమవుతుందో తెలిసి కూడా తుడుచుకున్నాను.

ఇద్దత్ ముగియడానికి నాలుగు రోజులుందనగా బండి పూర్తిగా సిద్ధమైంది. వాకిట్లో రెండు చుట్లు తిప్పి, పాకలో పెట్టాను. మా దగ్గర ఒక పద్ధతుంది. దుక్కికి ముందు రోజు సాయంత్రమే రేడియేటర్ గొంతుదాకా నీళ్ళు నింపి పెట్టుకుంటాం. నీళ్ళు లేని బండి ఎండకు ఇంజను కాల్చుకుంటుందని మా గురువు నెత్తిన మొట్టి మరీ నేర్పాడు. అలాగే నింపాను. చేతులు దులుపుకుని వస్తుంటే కిటికీ పలికింది.

"నీళ్ళ చప్పుడు రాలేదు."

"ఏ నీళ్ళు మామా?"

"పని అయ్యాక ఆయన బకెట్లో నీళ్ళు పోసేవాడు. రోజూ వినపడేది. అది వింటే నేను పెనం పొయ్యి మీద పెట్టేదాన్ని. ఇంటికి వస్తున్నాడని."

ఆయన నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కునేవాడు కాబోలు అనుకున్నాను. "నేను నా రూమ్‌లో కడుక్కుంటా మామా," అన్నాను గర్వంగా.

ఆ రోజు గాలి ఆగిపోయింది, ఆకాశం మబ్బు లేకుండా ఉంది. కొండవాళ్ళకు దాని అర్థం తెలుసు. నాకు తెలియదు. కిందటి చలికాలం అంత చలి పడలేదు, నీళ్ళు గడ్డకట్టడం నేను ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు.

పొద్దున తలుపు తీసేసరికి వాకిట్లో కుక్క తాగే పళ్ళెం అద్దంలా మెరుస్తోంది. వేలితో పొడిస్తే టక్కుమంది. అప్పుడు అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా పాకలోకి పరిగెత్తాను. ఇంజను పక్కన, లోపలి నీళ్ళ గదికి మూతగా కొట్టిన గుండ్రటి రేకు బిళ్ళ ఊడి నేల మీద పడి ఉంది. దాని చోటులోంచి మంచుగడ్డ బొటనవేలంత బయటికి పొడుచుకొచ్చింది. లోపలి నీరు గడ్డకట్టి, ఉబ్బి, తన దారి తాను చేసుకుంది.

ఆయన బకెట్లోకి వంపింది కాళ్ళు కడిగిన నీళ్ళు కాదు. ప్రతి సాయంత్రం ఇంజను నీళ్ళు. ఆమె నాకు చెప్పింది, నేను వినలేదు.

"మామా," అన్నాను. "నీళ్ళు... నేనే తీయలేదు. పాడుచేశాను."

తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. "చచ్చిపోయిందా?" అని అడిగింది. అర్బాబ్ పోయిన రోజు డాక్టర్ను కూడా ఆమె అదే గొంతుతో అడిగింది.

ఎండ వచ్చేదాకా ఆగాను. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డలు కప్పి మెల్లగా కరిగించాను. చేతులతో తడిమి, అద్దం పెట్టి చూసి, ఇంజనుకు చీలిక లేదని తేల్చుకున్నాను. ఆ బిళ్ళ ఊడిపోబట్టే ఇంజను బతికింది. పాత బిళ్ళను తుప్పు సగం తినేసింది, ఊడినప్పుడు అంచూ చిరిగింది, మళ్ళీ పెట్టడానికి పనికిరాదు. మర్నాడు నిజ్వా దిగి ఏడు దుకాణాలు తిరిగాను. ఆ కొలత బిళ్ళ ఎవరి దగ్గరా లేదు. దుబాయ్ నుంచి తెప్పించాలి, వారం పడుతుందన్నారు. రేకు కత్తిరించి కొడదామంటే పలచటిది నిలవదు, మందంది వంగదు. చీకటి పడకముందే ఖాళీ చేతులతో కొండెక్కాను.

సంగతి చెప్పి, ఆ తుప్పు బిళ్ళను కిటికీ అరుగు మీద పెట్టాను. నా తప్పుకు సాక్ష్యంగా పెట్టాననుకోండి. రెక్క కొద్దిగా తెరుచుకుంది, ముసలి వేళ్ళు బిళ్ళను లోపలికి తీసుకున్నాయి. పెట్టె తెరిచిన చప్పుడు. ఏవో గలగలలు. మళ్ళీ రెక్క తెరుచుకుని అరుగు మీద ఒక గుడ్డమూట పడింది.

విప్పి చూస్తే పాత వెండి నాణెం. ఒకవైపు ఎవరో లావుపాటి రాణి బొమ్మ, పైన తాడు గుచ్చుకునే కొక్కెం. ఇక్కడి ముసలివాళ్ళ మెడల్లో ఇలాంటివి వరసగా వేలాడుతుంటాయి. తుప్పు బిళ్ళను దాని మీద పెట్టాను. నాణెం వెంట్రుకవాసి పెద్దది.

"మామా, వద్దు. ఇది నీ పెళ్ళినాటిది."

"వరసలో పదకొండున్నాయి. నాలుగు నెలలుగా మెడలో ఒక్కటీ లేదు. ఒకటి తగ్గితే మెడకు తెలుస్తుందా?"

నాకు చెయ్యి రాలేదు. భర్త పోయిన మనిషి మెడలోది తీసి సుత్తితో కొట్టడమా? మా ఆవిడకు ఫోన్ చేశాను.

"తీస్కో," అంది వెంటనే.

"గట్లెట్ల తీస్కుంట?"

"నువ్వు వద్దంటే ఆమె మనసు నొచ్చుకోదా? నీ బండి ఆగిపోతే నేనైతే మెట్టెలు గూడ తీసిస్త. జెర సోంచాయించు." మళ్ళీ తనే, "సప్పుడు మంచిగ ఇనమని ఆమె జెప్తే ఇనకపోతివి. ఇప్పుడన్న ఇను," అంది.

ఒకరు గోడ అవతల నుంచి, ఒకరు సముద్రం అవతల నుంచి, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మాట చెప్తే ఇక నాకు దారేముంది. మా దేవుడు రాజన్నకు దండం పెట్టుకుని, కొక్కెం కోసేసి, దాన్ని కిటికీ అరుగు మీద తిరిగి పెట్టాను. నాణెం అంచును ఆకురాయితో చుట్టూ అరగదీశాను. వెండి పొడి కూడా కింద గుడ్డ పరిచి పట్టాను. తరవాత, వెండి మెత్తన కాబట్టి, దాన్ని నడుమ ఉబ్బేలా మెల్లగా కొట్టి, అంచుకు లీకు ఆపే గ్యాస్కెట్ పేస్టు పూసి, రంధ్రంలో కూర్చోబెట్టాను. ఇక ఆ ఉబ్బు మీద ఒక్క దెబ్బ పడాలి. పడితే బిళ్ళ వెడల్పై అంచులకు పట్టేస్తుంది, గురి తప్పితే వంకరపోతుంది. రెండో నాణెం అడిగే మొహం నాకు లేదు.

"మామా, కొడుతున్నా," అన్నాను.

"బిస్మిల్లా అను."

అన్నాను. రాజన్నా అని కూడా అన్నాను. కొట్టాను. రాణిగారి ముక్కు చదునైపోయింది కానీ బిళ్ళ పట్టింది. నీళ్ళు పోసి రెండు గంటలు చూశాను. ఒక్క చుక్క కారలేదు. పని ఇంకా మిగిలే ఉంది కదా, ఆ రాత్రి నీళ్ళు బకెట్లోకి వంపలేదు, వాకిట్లోకి వదిలేసి, గొట్టం తెరిచే ఉంచి, బండికి నా దుప్పటి కప్పాను. నేను చలికి ముడుచుకుని పడుకున్నాను, నాకు తగిన శాస్తే.

మర్నాడు ఇద్దత్ ఆఖరి రోజు. ఉదయం ఊపిరి పొగలా వస్తుంటే, నీళ్ళు మళ్ళీ నింపి, హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా అంకెలు లెక్కపెట్టి స్టార్ట్ చేశాను. రెండుసార్లు గొణిగి మూడోసారి అందుకుంది. మెట్ల వాలున కిందికి దించుకుని మూడు మడులూ దున్నాను. వేళ్ళు స్టీరింగ్‌కు అంటుకుపోయేంత చలి. ఎర్రమట్టి విరిగి తిరగబడుతుంటే ఆ వాసనకు నాకు మా ఊరి తొలకరి గుర్తొచ్చింది. ప్రతి మలుపులోనూ ఇంజను గొంతు నేనే వింటూ వచ్చాను. ఒక అడుగు, రెండో అడుగు, మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు, అన్నీ సరిగా పడుతున్నాయి. మధ్యాహ్నానికి దుక్కి పూర్తయింది.

ఆ పొద్దు గుంకేసరికి ఆమె ఇద్దత్ ముగిసింది. కొడుకు, కోడళ్ళు, చుట్టాలు వచ్చారు. ఇంట్లో అత్తరు ధూపం, మాటలు. నేను బండిని పైకి తెచ్చి పాకలో పెట్టేసరికి, నాలుగు నెలల తరవాత మామా వాకిట్లో నిలబడి ఉంది. రంగు బట్టలు కట్టుకుంది. చాలా చిక్కిపోయింది. మెడలో పది నాణేల వరస, నడుమ ఖాళీ చోట నేను కోసిన కొక్కెం ఒక్కటే వేలాడుతోంది. నేను తలవంచుకున్నాను. ఆమె బండి దగ్గరికొచ్చి, వంగి, వెండి బిళ్ళను వేలితో తాకి చూసింది. వెచ్చగా ఉంది.

కొడుకు కట్ట మీద నిలబడి కింది మడుల వైపు చూశాడు. కాసేపు చూసి, "రేపు నీళ్ళు మనమే పెట్టుకుందాం," అన్నాడు.

అందరూ లోపలికి వెళ్ళారు. మామా కూడా వెళ్ళింది. ఇప్పుడు వాకిట్లో కూర్చోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. అయినా వంటింటి కిటికీ వెనక దీపం వెలిగింది. చెక్క రెక్కలు మూసే ఉన్నాయి. వాటి వెనక మనిషి నిలబడిందని నాకు తెలిసింది.

నేను బకెట్ తెచ్చి ఇంజను కింద పెట్టాను. గొట్టం తిప్పి నీళ్ళు వదిలాను. ముందు ఇనుము మోగినట్టు, తరవాత నిండుగా, చివరకు బొట్లు బొట్లుగా. చివరి బొట్టు దాకా ఆగాను.

లోపల పెనం పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినిపించింది.